పిల్లలు నోరు విప్పగలిగే బడి: రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖల గౌరవ మంత్రులకు, కార్యదర్శులకు,

ఇంటర్నెట్‌లో పిల్లలపై లైంగిక దోపిడీ అంటే పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఫోను, కంప్యూటరు, ఆన్‌లైన్ ఆటలు, సోషల్ మీడియా ద్వారా లైంగిక అవసరాలకో, వాటి మీద వచ్చే డబ్బుకో వాడుకోవడం. పిల్లల నగ్నచిత్రాలు తీయడం, దాచుకోవడం, పంచుకోవడం, అమ్మడం అందులో ఒక భాగం. మాయమాటలతో స్నేహం కలిపి ఫొటోలు పంపించుకోవడం, వాటితో బెదిరించడం, మామూలు ఫొటోను మార్ఫింగ్ చేయడం, వీడియో కాల్‌లో పిల్లల ముందు అసభ్యంగా ప్రవర్తించడం, ఆన్‌లైన్ పరిచయాన్ని బయట కలుసుకునేదాకా తీసుకెళ్లి అత్యాచారం చేయడం కూడా దాని రూపాలే. నేరం తెర మీద జరిగినా గాయం బిడ్డకే తగులుతుంది. చిత్రం ఒకసారి చేయి దాటాక ఎవరు చూశారో, ఇంకెన్నాళ్లు తిరుగుతుందో తెలియని భయం ఆ గాయాన్ని మాననివ్వదు.

పిల్లలు ఎవరికీ చెప్పుకోరన్న ధీమాయే ఈ నేరస్థుల బలం. ఇంట్లో తెలిస్తే కొడతారని, చదువు మాన్పిస్తారని, ఊళ్లో పరువు పోతుందని పిల్లలు భయపడినంతకాలం ఎంత గట్టి చట్టమైనా వారి దాకా రాదు. ఆ భయాన్ని తీసేయడం పోలీసుల వల్ల అయ్యే పని కాదు. వారు వచ్చేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది. ఇళ్లకే వదిలేస్తే సరిపోదు. చాలా ఇళ్లలో ఈ విషయం ఎత్తే అలవాటే లేదు. దాదాపు ప్రతి బిడ్డా రోజూ అడుగుపెట్టే చోటు బడి. అందుకే ఈ లేఖ విద్యాశాఖలకు. దీని అభ్యర్థన ఇది: ఆన్‌లైన్ లైంగిక దోపిడీ నుంచి కాపాడుకోవడం ప్రతి బడిలో టైంటేబుల్‌లో ఉండే పాఠం కావాలి, చెప్పుకున్న బిడ్డను నిందించకుండా ఆదుకునే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి.

ఎంత పెద్ద సమస్య

అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం నెక్‌మెక్ 1998 నుంచి సైబర్ టిప్‌లైన్ నడుపుతోంది. తమ వేదికల మీద పిల్లల లైంగిక దోపిడీ చిత్రాలు కనిపిస్తే అక్కడి కంపెనీలు ఈ కేంద్రానికి తెలియజేయాలని అమెరికా చట్టం చెబుతుంది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, స్నాప్‌చాట్ అమెరికా కంపెనీలవే కనుక భారతదేశంలో జరిగిన వాటి సమాచారం కూడా అక్కడికే చేరుతుంది. 2023లో ఈ కేంద్రానికి అందిన 3.62 కోట్ల నివేదికల్లో 89 లక్షలకు పైగా భారత్‌తో ముడిపడినవి. మరే దేశం పేరిటా అన్ని లేవు. ఒకే వీడియోను వేలమంది పంచుకుంటే వేల నివేదికలు అవుతాయి. దేశ జనాభా, ఫోన్ల సంఖ్య కూడా ఈ అంకెను పెంచుతాయి. కాబట్టి దీన్ని బాధిత పిల్లల లెక్కగా చదవకూడదు. కానీ ఇలాంటి చిత్రాలు ఈ దేశంలో ఎంత విరివిగా చేతులు మారుతున్నాయో చెప్పడానికి ఈ అంకె చాలు. 2019 ఏప్రిల్‌లో జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నెక్‌మెక్‌తో ఒప్పందం చేసుకుంది. అప్పటినుంచి ఆ సమాచారం రాష్ట్రాల పోలీసులకు అందుతోంది.

పిల్లల చేతికి ఫోను రావడంలో ప్రభుత్వాల పాత్ర కూడా ఉంది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు చదువు తెర మీదికి మారింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా నడిచాయి. హోంవర్కు, సందేహాలు వాట్సాప్ గ్రూపుల్లోకి చేరాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచింది. బడులు తెరుచుకున్నా ఫోన్లు వెనక్కి పోలేదు. గ్రామీణ ప్రాంతాల్లో విద్యపై చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో 62 శాతానికే ఎదుటి ఖాతాను బ్లాక్ చేయడమో, దానిపై ఫిర్యాదు చేయడమో తెలుసు. మిగతావారికి ఆ కనీస రక్షణ కూడా తెలియదు.

ఎలా జరుగుతుంది

మొదటి పద్ధతి గ్రూమింగ్, అంటే నమ్మించి లొంగదీసుకోవడం. ఆన్‌లైన్ ఆటలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పరిచయమైన వ్యక్తి తానూ ఆ పిల్లల వయసువాడినేనని చెప్పుకుంటాడు. పొగుడుతాడు, ఆటలో కాయిన్లు కొనిస్తాడు, ఇంట్లో తిట్టారంటే ఓదారుస్తాడు. కొన్నాళ్లకు సంభాషణను మరో యాప్‌లోకి మారుస్తాడు. సందేశాలు వాటంతట అవే చెరిగిపోయే చోటుకు తీసుకెళ్తాడు. 'ఇది మనిద్దరి మధ్యే ఉండాలి' అన్న మాట అక్కడ మొదలవుతుంది. తర్వాత మామూలు ఫొటో, ఆ తర్వాత బట్టలు లేని ఫొటో అడుగుతాడు. ఆ ఒక్క ఫొటో చేతికి వచ్చిన క్షణం నుంచి స్నేహితుడి గొంతు మారుతుంది. ఇంకా పంపకపోతే అమ్మానాన్నలకు, క్లాసువాళ్లకు పంపిస్తానంటాడు. బెదిరింపుకు లొంగి పంపిన ప్రతి చిత్రమూ తర్వాతి బెదిరింపుకు పనిముట్టు అవుతుంది.

రెండోది డబ్బు కోసం చేసే బెదిరింపు. దీన్ని సెక్స్‌టార్షన్ అంటున్నారు. ఇందులో ఎక్కువగా చిక్కేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలు. అందమైన అమ్మాయి ఫొటోతో ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కోసారి గంటలోపే, వీడియో కాల్ వస్తుంది. అవతల కనిపించేది ముందే తీసి పెట్టుకున్న వీడియో. ఇవతల పిల్లవాడు చేసినదంతా రికార్డవుతుంది. కాల్ ముగిసిన నిమిషాల్లో ఆ రికార్డింగు, పిల్లవాడి ఫ్రెండ్స్ జాబితా స్క్రీన్‌షాట్, డబ్బు పంపాల్సిన యూపీఐ నంబరు వచ్చేస్తాయి. అమెరికాలో 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు పిల్లలపై ఇలాంటి బెదిరింపుల గురించి ఎఫ్‌బీఐ, హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగాలకు 13,000కు పైగా ఫిర్యాదులు అందాయి. బాధితులు కనీసం 12,600 మంది. వారిలో అత్యధికులు మగపిల్లలు. కనీసం 20 ఆత్మహత్యలు జరిగాయి. లైంగిక దోపిడీ ఆడపిల్లల సమస్య మాత్రమేనన్న అభిప్రాయం వల్ల మగపిల్లలకు ఎవరూ ఏమీ చెప్పడం లేదు. వారు మరింత ఒంటరిగా మిగిలిపోతున్నారు.

మూడోది తోటి పిల్లల మధ్య జరిగేది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఇష్టంతో ఒక అబ్బాయికి పంపిన ఫొటో, గొడవపడిన తర్వాత క్లాసు గ్రూపులోకి వస్తుంది. కృత్రిమ మేధ ఇప్పుడు ఆ ఫొటో అవసరం కూడా లేకుండా చేసింది. యూనిఫాంలో దిగిన మామూలు ఫొటోను నిమిషాల్లో నగ్నచిత్రంగా మార్చే యాప్‌లు ఉన్నాయి. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో అనే పట్టణంలో ఇరవై మందికి పైగా బాలికల ఫొటోలను తోటి విద్యార్థులే అలా మార్చి వాట్సాప్‌లో పంచారు. మరుసటి ఏడాది జులైలో అక్కడి బాలల న్యాయస్థానం 15 మంది మైనర్లను ఏడాదిపాటు పర్యవేక్షణలో ఉంచింది. స్త్రీపురుష సమానత్వం మీద, సాంకేతికతను బాధ్యతగా వాడటం మీద తరగతులకు హాజరు కమ్మంది. కృత్రిమ మేధతో ముడిపడిన నివేదికలు నెక్‌మెక్‌కు 2023లో 4,700 వస్తే 2024లో 67,000 వచ్చాయి.

నాలుగోది తెలిసినవారు చేసేది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో నిందితుల్లో దాదాపు 95 శాతం బిడ్డకు ముందే తెలిసినవారని ఎన్‌సీఆర్‌బీ నివేదికలు ఏటా చూపిస్తున్నాయి. బంధువు, పొరుగువాడు, ట్యూషన్ మాస్టారు, ప్రేమ పేరుతో దగ్గరైన యువకుడు ఫోనులో తీసిన వీడియోయే ఆ తర్వాత మౌనం కొనే సాధనమవుతుంది. అపరిచితులతో మాట్లాడొద్దని చెప్పి ఊరుకుంటే ఈ పిల్లలకు ఏ రక్షణా ఉండదు.

వీటికి తోడు తల్లిదండ్రులు, బడులు ప్రేమతో పెట్టే ఫొటోలు కూడా ముడిసరుకు అవుతున్నాయి. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద కొందరు తెలుగు యూట్యూబర్లు చేసిన నీచమైన లైంగిక వ్యాఖ్యలు రెండు రాష్ట్రాల్లోనూ ఆగ్రహం రేపాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి ప్రధాన నిందితుడిని అరెస్టు చేసింది. ఆ బిడ్డ చేసిన తప్పేమీ లేదు. ఆ తండ్రి చేసిందీ లేదు. పిల్లల చిత్రాలను ఎలాంటి కళ్లు వెతుకుతున్నాయో ఆ ఘటన అందరికీ చూపింది.

ఎందుకు చెప్పుకోరు

బెదిరింపులో చిక్కిన పిల్లలు మొదట తమనే తప్పుబట్టుకుంటారు. రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేసింది తామే, ఫొటో పంపింది తామే, కనుక తప్పు తమదేననుకుంటారు. నేరస్థుడు కూడా అదే మాట పదేపదే అంటాడు: 'పోలీసులకు చెబితే ముందు నిన్నే లోపలేస్తారు.' ఇంట్లో అప్పటిదాకా విన్న మాటలు ఆ బెదిరింపును నిజం చేస్తాయి. ఊళ్లో ఎవరికైనా ఇలా జరిగితే పెద్దలు మొదట అడిగేది 'ఆ పిల్లకు ఫోను ఎందుకిచ్చారు' అనే. చెబితే ఫోను లాక్కుంటారు, చదువు ఆపి పెళ్లి చేస్తారు అన్న భయం ఆడపిల్లలది. నవ్వుతారన్న భయం మగపిల్లలది. తమకేం జరుగుతోందో, ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియని స్థితి హాస్టల్లో ఉండే పిల్లలది.

అలా నోరు మూసుకున్న పిల్లల్లో మార్పులు కనిపిస్తాయి. ఫోను మోగితే ఉలిక్కిపడతారు, రాత్రులు మేలుకుంటారు, ఉన్నట్టుండి డబ్బు అడుగుతారు లేదా ఇంట్లో డబ్బు తీస్తారు, బడికి వెళ్లనంటారు, ఇష్టమైన స్నేహితులకు దూరమవుతారు, మార్కులు పడిపోతాయి. వీటిలో ఏ ఒక్కటీ దోపిడీకి రుజువు కాదు. కానీ వీటిని రోజూ గమనించగలిగే పెద్దమనిషి తరగతి ఉపాధ్యాయుడే. 'ఏమైంది, నాతో చెప్పొచ్చు, నిన్ను తిట్టను' అని అడగడం ఆ ఉపాధ్యాయుడికి వచ్చి ఉండాలి. అది శిక్షణతో వచ్చే నేర్పు.

చట్టం ఏం చెబుతోంది

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. ఫోను ద్వారా పిల్లలను పదేపదే వెంటాడటం, వారి శరీరానికి సంబంధించిన నిజమైన లేదా కల్పించిన చిత్రాన్ని బయటపెడతానని బెదిరించడం 11వ సెక్షన్ కింద లైంగిక వేధింపు. శిక్ష మూడేళ్ల వరకు జైలు. 'కల్పించిన' అన్న మాట చట్టంలోనే ఉంది కనుక మార్ఫింగ్ చిత్రంతో బెదిరించినా నేరమే. పిల్లలను అలాంటి చిత్రాలకు వాడుకుంటే 14వ సెక్షన్ కింద కనీసం ఐదేళ్ల జైలు. ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ ఇంకా విస్తృతమైనది. పిల్లల లైంగిక చిత్రాలను ప్రచురించడమే కాక వెతకడం, చూడటం, డౌన్‌లోడ్ చేయడం కూడా దాని కింద నేరమే. మొదటిసారి ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. రెండోసారి ఏడేళ్ల వరకు జైలు. అలాంటి చిత్రాలను ఫోనులో ఉంచుకోవడం నేరం కాదన్నట్టుగా మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టేసింది.

ఉపాధ్యాయులకు నేరుగా సంబంధించినది 19వ సెక్షన్. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. బడి పరువు కోసం ఇరుపక్షాలను కూర్చోబెట్టి రాజీ చేసే హెడ్మాస్టరు తెలియకుండానే నేరం చేస్తున్నట్టు లెక్క. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి మాత్రం అదే చట్టం పూర్తి రక్షణ ఇస్తుంది.

బిడ్డను కాపాడే ఏర్పాట్లూ చట్టంలోనే ఉన్నాయి. వాంగ్మూలం ఇంట్లోనో బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మే మరో వ్యక్తో పక్కన ఉండాలి. రాత్రిపూట ఏ బిడ్డనూ స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టిన మీడియాకు శిక్ష ఉంది. స్టేషనుకు వెళ్తే వీధిలో పడతామన్న భయంతో ఆగిపోయే కుటుంబాలకు ఈ నాలుగు మాటలు తెలిస్తే సగం ధైర్యం వస్తుంది.

ఎక్కడ చెప్పాలి, ఎలా తొలగించాలి

2015లో హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. ఆ లేఖనే కోర్టు కేసుగా స్వీకరించింది. ఆ విచారణ సాగుతుండగా 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ మహిళలు, పిల్లలపై జరిగే సైబర్ నేరాల కోసం జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌ను తెరిచింది. 2019 ఆగస్టులో దాన్ని అన్ని సైబర్ నేరాలకూ విస్తరించారు. పిల్లల లైంగిక దోపిడీ చిత్రాల గురించి పేరు చెప్పకుండానే అందులో ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక లేఖ దేశానికంతటికీ దారి తెరిచింది. ఆ దారి ఉందన్న సంగతి తెలుగు పిల్లలకు బడిలో తెలియాలి.

ఇతర దారులూ ఉన్నాయి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112, డబ్బు పోతే వెంటనే 1930, భయంతో, ఆత్మహత్య ఆలోచనలతో నలిగే పిల్లలకు తెలుగులోనూ మాట్లాడే టెలీమానస్ 14416. తెలంగాణలో మహిళల భద్రత చూసే పోలీసు షీ టీమ్‌లు ఉన్నాయి. 2016లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించిన భరోసా కేంద్రాల్లో పోలీసు, వైద్య, న్యాయ సాయం, కౌన్సెలింగ్ ఒకే చోట దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల మహిళా సిబ్బంది ఇంటికి దగ్గరలోనే ఉన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు.

బెదిరింపు వచ్చిన తొలి గంటల్లో చేయాల్సినవి కొన్నే. డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే అడగడం ఆగదు. ఇంకో చిత్రం పంపకూడదు. భయంతో చాట్ చెరిపేయకూడదు. అవతలి ఖాతా పేరు, లింకు, ఫోను నంబరు, యూపీఐ ఐడీ, బెదిరింపు సందేశాల స్క్రీన్‌షాట్లు భద్రపరచాలి. ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. బిడ్డ నగ్నచిత్రాన్ని మాత్రం సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. టీచర్ల గ్రూపులో పెట్టి ఖండించడం కూడా దాన్ని వ్యాపింపజేయడమే.

చిత్రాన్ని తొలగించడానికీ మార్గాలున్నాయి. 2021 నాటి ఐటీ నిబంధనలు నగ్నచిత్రాలు, మార్ఫింగ్ చిత్రాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే తొలగించడానికి సోషల్ మీడియా సంస్థలకు 24 గంటల గడువు పెట్టాయి. 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. 2023 ఫిబ్రవరిలో నెక్‌మెక్ టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ మొదలుపెట్టింది. బిడ్డ ఫోనులోనే ఆ చిత్రానికి ఒక డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది. చిత్రం ఫోను దాటి ఎక్కడికీ వెళ్లదు. ఆ వేలిముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు చేరుతుంది. ఎవరైనా అదే చిత్రాన్ని అక్కడ పెట్టబోతే గుర్తించి ఆపే వీలుంటుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్న వాట్సాప్ సందేశాల్లో ఇది పనిచేయదు. అయినా తన చిత్రం ఇక ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందని కుంగిపోయిన బిడ్డకు, చేయగలిగింది ఒకటుందని తెలియడమే ఊరట.

బడి చేయాల్సిన పని

విద్యాశాఖలు కొత్తగా అధికారం తెచ్చుకోనక్కరలేదు. 2020 నాటి పోక్సో నిబంధనల్లో మూడోది పిల్లల వయసుకు తగిన పాఠ్యాంశాలు తయారు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు చెబుతోంది. శరీరాన్నీ ఆన్‌లైన్ గుర్తింపునూ కాపాడుకోవడం, లైంగిక నేరాల నుంచి రక్షణ, ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నది అందులో ఉండాలని వివరంగా రాసింది. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమంలోని 11 అంశాల్లో ఇంటర్నెట్‌ను, ఫోన్లను సురక్షితంగా వాడటం ఒకటి. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను అందుకు సిద్ధం చేయాలన్నది దాని పద్ధతి. తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 2021లో ప్రభుత్వ బడుల విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దే ప్రయత్నం చేశాయి. పాఠ్యపుస్తకాల్లో 1098 నంబరు అచ్చవుతోంది. ఇవన్నీ మంచి పనులే. కానీ ఒక ఏడాది నడిచి ఆగిపోయే కార్యక్రమం, ఎప్పుడు ఫోను చేయాలో చెప్పని నంబరు పిల్లల్ని కాపాడలేవు. విడివిడిగా ఉన్న వీటిని ఒక్క పద్ధతిగా కట్టే ఉత్తర్వు కావాలి.

అందులో మొదట ఉండాల్సింది పాఠం. ఆరు, ఏడు తరగతులకు: శరీరం మీద హక్కు, రహస్యంగా ఉంచమనే పెద్దవాళ్ల గురించి జాగ్రత్త, ఖాతాను ప్రైవేటుగా పెట్టుకోవడం, బ్లాక్ చేయడం. ఎనిమిది, తొమ్మిదికి: గ్రూమింగ్ అడుగులు, సెక్స్‌టార్షన్ వీడియో కాల్ ఎలా నడుస్తుంది, ఫొటో అడిగితే ఏమని తప్పించుకోవాలి, వచ్చిన ఫొటోను ఫార్వర్డ్ చేస్తే అదెలా నేరమవుతుంది. పదికి, ఇంటర్‌కు: ప్రేమలో సమ్మతి, విడిపోయాక బాధ్యత, మార్ఫింగ్ యాప్‌లు, చట్టం. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ చెప్పాలి. తేట తెలుగులో ఉండాలి. ఉర్దూ మాధ్యమం బడులకు ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో పిల్లల ఇంటిభాష తోడుగా చెప్పాలి. భయపెట్టే ఉపన్యాసంగా మారకూడదు. ఫోను ముట్టుకుంటే చెడిపోతారని చెప్పే పాఠం విన్న బిడ్డ, చిక్కుకున్న రోజున ఆ బడికే చెప్పుకోదు.

రెండోది చెప్పుకునే మనిషి. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయురాలు, ఒక ఉపాధ్యాయుడు శిక్షణ పొంది ఉండాలి. వారి పేర్లు ప్రతి తరగతి గదిలో రాసి ఉండాలి. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లలు సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఫోను పట్టుకుంటారు. తిరిగొచ్చాక ఆ బరువు మోస్తూ హాస్టల్లో ఉంటారు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల ముందూ తర్వాతా అక్కడ ఈ పాఠం తప్పనిసరిగా జరగాలి. వార్డెను ముందు నిలబడి మాట్లాడనక్కరలేకుండా 1098కి ఫోను చేసుకునే వీలుండాలి.

మూడోది బిడ్డ చెప్పిన తర్వాత నడవాల్సిన పద్ధతి. ఒక్క పేజీలో స్టాఫ్‌రూములో అంటించగలిగేంత సులభంగా ఉండాలి. బిడ్డ మాటను మధ్యలో ఆపకుండా వినాలి. 'నీ తప్పు లేదు' అని చెప్పాలి. చిత్రం చూపించమని అడగకూడదు. పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. అదే రోజు పోలీసులకు తెలియజేయాలి. ఇంట్లోవారే నిందితులైతే తప్ప తల్లిదండ్రులను పిలిచి, ముందు వారిని కుదుటపరిచాకే బిడ్డ దగ్గరికి తీసుకురావాలి. జిల్లా బాలల పరిరక్షణ అధికారికి, బాలల సంక్షేమ సమితికి సమాచారం అందిందో లేదో చూడాలి. బిడ్డ చదువు ఒక్కరోజు కూడా ఆగకూడదు. బాధితురాలికి టీసీ ఇచ్చి పంపేసే అలవాటును ఉత్తర్వులోనే నిషేధించాలి.

తప్పు చేసినవారు తోటి విద్యార్థులైతే వారికీ బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. బాలల న్యాయమండలి ముందుకు వెళ్తారు. బడి చేయాల్సింది వారిని వెళ్లగొట్టి చేతులు దులుపుకోవడం కాదు. బాధిత బిడ్డకు దూరంగా ఉంచి, చేసిన హాని అర్థమయ్యేలా కౌన్సెలింగ్ ఇప్పించాలి. అదే సమయంలో క్లాసు మొత్తానికీ, ఆ ఫొటో చూసి నవ్వినవారికీ, ఫార్వర్డ్ చేసినవారికీ, వారి వంతు బాధ్యత చెప్పాలి.

నాలుగోది బడి తన నడక తాను సరిచూసుకోవడం. విద్యార్థుల ఫొటోలు, వార్షికోత్సవాల వీడియోలు పేర్లతో సహా బహిరంగంగా పెట్టే అలవాటు మానాలి. ఉపాధ్యాయులు విద్యార్థులతో విడిగా రాత్రిపూట చాట్ చేయకూడదు. పాఠాల గ్రూపుల్లో కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బంది పోలీసు ధ్రువీకరణ ప్రైవేటు బడుల్లో, ట్యూషన్ కేంద్రాల్లో, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో కూడా జరగాలి. పోక్సో నిబంధనలు దాన్నీ కోరుతున్నాయి.

ఐదోది తల్లిదండ్రులు. ఆంధ్రప్రదేశ్‌లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఇప్పటికే ఉన్నాయి. ఏడాదికి ఒక సమావేశంలో ఒక్క గంట ఈ విషయానికి కేటాయించాలి. ఫోను ఇచ్చే ముందు ఏ సెట్టింగులు పెట్టాలో చూపించాలి. ముఖ్యంగా, బిడ్డ వచ్చి ఇలా జరిగిందని చెప్పిన క్షణంలో కొట్టకుండా, ఫోను లాక్కోకుండా, 'మంచి పని చేశావు చెప్పి, మేమున్నాం' అనడం నేర్పాలి. ఆ మొదటి వాక్యాన్ని బట్టే ఆ బిడ్డ మిగతాది చెబుతుందా, నోరు మూసుకుంటుందా అన్నది తేలుతుంది.

ఆరోది లెక్క. ఎన్ని బడుల్లో పాఠం జరిగింది, ఎందరు ఉపాధ్యాయులు శిక్షణ పొందారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటిలో బిడ్డ చదువు కొనసాగింది అన్నది ఎవరి గుర్తింపూ బయటపడకుండా ఏటా ప్రకటించాలి. ఫిర్యాదులు పెరిగిన జిల్లాను చెడ్డ జిల్లాగా చూడకూడదు. అక్కడ పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారని దాని అర్థం కావచ్చు.

కంపెనీల మీద, పార్లమెంటు మీద ఉన్న బాధ్యతలు వేరు. పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లలను వెంటాడే ప్రకటనలు చూపకూడదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు నిలిపివేసింది. అలాంటి కట్టడి కావాలా వద్దా అన్న చర్చ జరగాల్సిందే. కానీ వయసు హద్దు పెట్టినా వేరొకరి ఫోను, వేరొకరి పేరు పిల్లలకు దొరుకుతాయి. హద్దు దాటిన బిడ్డ తాను నిబంధన మీరానన్న భయంతో మరింత నోరు మూసుకునే ప్రమాదం ఉంది. ఏ చట్టం వచ్చినా, చెప్పుకోగలిగే పెద్దలు దగ్గర లేకపోతే ఆ బిడ్డ ఒంటరిదే.

ఈ పనులకు కొత్త భవనాలు, భారీ బడ్జెట్లు అక్కరలేదు. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు (ఎస్‌సీఈఆర్‌టీలు) పాఠాన్ని ఉమ్మడిగా రాయవచ్చు. పోలీసు సైబర్ విభాగాలు, బాలల హక్కుల పరిరక్షణ కమిషన్లు, పిల్లల మనస్తత్వ నిపుణులు దాన్ని సరిచూడవచ్చు. వేసవి సెలవుల్లో జరిగే ఉపాధ్యాయ శిక్షణలో రెండు రోజులు దీనికి ఇవ్వవచ్చు. జూన్‌లో బడులు తెరిచేనాటికి పాఠం టైంటేబుల్‌లో, ఇద్దరు ఉపాధ్యాయుల పేర్లు గోడ మీద, ఒక్క పేజీ పద్ధతి స్టాఫ్‌రూములో ఉండేలా రెండు విద్యాశాఖలూ ఉత్తర్వులు ఇవ్వాలి. 2020 నాటి నిబంధనలు అప్పగించిన బాధ్యత ఇది. పిల్లలకు ఇంకా బాకీ ఉన్న పని ఇది.